సందేహాలు – సమాధానాలు: ఉంగరం కథ, బాఖ్ సంగీతం

నేను బి.టెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా నాన్నగారు పాస్టరు. హాస్టల్లో స్నేహితుడి లాప్‌టాప్‌లో 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మూడు సినిమాలూ చూశాను. అప్పట్నుంచీ మనసంతా ఆ లోకంలోనే ఉంది. ఆ సినిమాల సంగీతం వెంటపడి వెళ్ళి బాఖ్, హాండెల్, బీతోవెన్ దాకా చేరాను. రాత్రిళ్ళు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటాను. ఒక్కోసారి కన్నీళ్ళు వస్తాయి. మొన్న యవ్వనస్థుల కూడికలో ఒక అన్నయ్య, మంత్రగాళ్ళున్న సినిమాలు సాతాను తెరిచే కిటికీలనీ, మాటలు లేని సంగీతం వల్ల దేవునికి మహిమ రాదనీ చెప్పారు. ఆ రాత్రే ఫోన్లోవన్నీ తీసేశాను. పది రోజులకు మళ్ళీ పెట్టుకున్నాను. ఇలా మూడుసార్లయింది. ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇంకో భయం కూడా ఉంది. బాఖ్ వింటే ఏడుపొస్తుంది, ఆదివారం ఆరాధనలో రాదు. నా విశ్వాసంలో లోపం ఉందా? — ఒక యువకుడు, గుంటూరు జిల్లా

బాబూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తిప్పి తిప్పి చెబితే నీ భయం పెరుగుతుంది కనుక జవాబు ముందే చెప్పేస్తాను. ఆ సినిమాలు చూడడం పాపం కాదు. ఆ సంగీతం వినడం పాపం కాదు. నిన్ను నలిపేస్తున్నది ఆ తీసెయ్యడం, మళ్ళీ పెట్టుకోవడం. దాని సంగతి చివర్లో మాట్లాడదాం.

ముందు మంత్రగాళ్ళ మాట. మీ అన్నయ్య మనసులో ఉన్నది ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయం అయివుంటుంది. సోదె చెప్పేవాళ్ళనూ, శకునాలు చూసేవాళ్ళనూ, చచ్చినవాళ్ళ దగ్గర విచారణ చేసేవాళ్ళనూ ఆశ్రయించవద్దని దేవుడు అక్కడ ఖండితంగా చెప్పాడు. ఆ మాటను నేను తేలిక చెయ్యను. సౌలు రాజు మారువేషం వేసుకుని రాత్రివేళ ఏన్దోరులో సోదె చెప్పే స్త్రీ దగ్గరికి వెళ్ళి చేసిన పని అదే. దేవుడు మాట్లాడడం లేదని, ఆయనకు తెలియకుండా రేపటి సంగతి లాక్కోవాలని చూశాడు. కథలో మాంత్రికుణ్ణి చూడడం వేరు, కష్టం వచ్చిందని మాంత్రికుడి గుమ్మం తొక్కడం వేరు. 1951లో 'పాతాళభైరవి' వచ్చినప్పుడు మన తాతలు టెంట్ల కింద నేల మీద కూర్చుని చూశారు. నేపాళ మాంత్రికుడుగా ఎస్వీ రంగారావును చూసి వాళ్ళెవరూ మంత్రాలు నేర్చుకోవడానికి బయల్దేరలేదు. దుర్మార్గుడి చేతిలో శక్తి పడితే ఏమవుతుందో చూసి ఇంటికొచ్చారు.

బైబిల్లోనూ ఊహతో అల్లిన కథ ఉంది. న్యాయాధిపతులు 9వ అధ్యాయంలో యోతాము గెరిజీము కొండ మీద నిలబడి, చెట్లన్నీ తమకొక రాజు కావాలని బయల్దేరిన కథ చెబుతాడు. ఒలీవ వద్దంటుంది, అంజూరం వద్దంటుంది, ద్రాక్ష వద్దంటుంది, చివరికి ముళ్ళపొద ఒప్పుకుంటుంది. నువ్వు రెండో సినిమాలో చూసిన నడిచే చెట్లు యోతాముకు వింతగా ఉండవు. ప్రకటన 12లో ఏడు తలల ఎర్రని మహాసర్పం ఉంది. చెడుతనం ఎంత పెద్దదో మామూలు మాటలకు అందనప్పుడు దేవుని వాక్యమే అలాంటి బొమ్మలు గీసింది.

ఇక నువ్వు చూసిన కథ. మంచి మంత్రగాడు గాండాల్ఫ్ ఆ ఉంగరాన్ని ఎందుకు తీసుకోడో గమనించావా? మంచి చెయ్యాలన్న కోరికతోనే దాన్ని వాడతానేమోనని అతని భయం. అందరి మీదా అధికారం ఇచ్చే వస్తువును, మంచి పనికైనా సరే, ఎవరూ దగ్గర పెట్టుకోకూడదన్నది ఆ కథకు మూలస్తంభం. ద్వితీయోపదేశకాండము దేన్ని కాదన్నదో ఈ కథ కూడా దాన్నే కాదంటోంది. ఇంకా లోతుకు వెళ్ళు. ఆ ఉంగరాన్ని నాశనం చెయ్యడానికి అగ్నికొండ అంచు దాకా వెళ్ళిన ఫ్రోడో చివరి క్షణంలో ఓడిపోతాడు. ఉంగరం నాదే అంటాడు. అన్ని రోజుల నడక, అన్ని గాయాలు, అంత మంచితనం అక్కడ చాలలేదు. మరి ఉంగరం ఎలా నాశనమైంది? ఫ్రోడోకన్నా ముందు ఆ ఉంగరం దగ్గరున్న బిల్బో ఒకప్పుడు చంపగలిగి కూడా జాలిపడి వదిలేసిన గొల్లమ్ వల్ల. తర్వాత ఫ్రోడో కూడా అతణ్ణి వదిలేస్తాడు. కనికరం చూపిన రోజున అది ఎందుకూ పనికిరానిదిలా కనిపించింది. మన బలం అయిపోయిన చోట కృప పనిచేస్తుందని ఆదివారాలు చెబుతూ వచ్చాను. ఆ ముగింపు చూసినప్పుడు నేను చెప్పిన మాట నాకే కొత్తగా వినిపించింది.

కథ రాసిన జె.ఆర్.ఆర్. టోల్కీన్ గురించి నీకు తెలిసే ఉంటుంది. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. తల్లి కథోలిక విశ్వాసంలో చేరినందుకు బంధువులు చెయ్యి వదిలేశారు. 1904లో, అతనికి 12 ఏళ్ళప్పుడు ఆమె కూడా పోయింది. 1916లో సోమ్ యుద్ధంలో ఉన్నాడు. 1918 నాటికి ప్రాణస్నేహితుల్లో ఒక్కరు తప్ప అందరూ చనిపోయారు. ఆ మనిషి రాసిన చీకటి అద్దెకు తెచ్చుకున్న చీకటి కాదు. అతను విశ్వాసి. తన పుస్తకం అడుగున తన మతవిశ్వాసమే ఉందని స్నేహితుడైన ఒక గురువుకు ఉత్తరం కూడా రాశాడు. ఉంగరం కరిగిన తేదీని మార్చి 25గా పెట్టుకున్నాడు. దేవదూత మరియకు శుభవార్త చెప్పిన దినంగా సంఘం ఆచరించే రోజది.

అయితే 'రచయిత క్రైస్తవుడు కాబట్టి ఫర్వాలేదు' అనే ఊతకర్ర నీకు ఇవ్వను. అది పట్టుకుంటే, చూసిన ప్రతి సినిమాలో ఎక్కడో ఒక సిలువ గుర్తు వెతుక్కుంటూ కూర్చుంటావు, కథ చూడవు. విశ్వాసి రాసినది నాసిగా ఉండొచ్చు. విశ్వాసం లేనివాడు రాసినది నిజం పలకొచ్చు. అరేయొపగులో పౌలు ఏథెన్సువాళ్ళ కవుల మాటలనే ఎత్తి చెప్పాడు. ఆ కవులు ఇశ్రాయేలీయులు కారు.

ఆక్స్‌ఫర్డ్‌లో టోల్కీన్ స్నేహితుడు సి.ఎస్. లూయిస్ సంగతి నీకు ఇంకా దగ్గరగా ఉంటుంది. కుర్రతనంలో అతన్ని పట్టుకున్నవి నీలాగే రెండు: ఉత్తరదేశపు పురాణకథలు, గ్రామఫోను మీద వాగ్నర్ సంగీతం. అవి విన్నప్పుడు ఏదో దూరదేశం మీద బెంగలాంటిది కలిగేదట. 1916లో, 17 ఏళ్ళప్పుడు, ఒక రైల్వేస్టేషన్ పుస్తకాల దుకాణంలో జార్జ్ మెక్‌డొనాల్డ్ రాసిన 'ఫాంటాస్టెస్' కొన్నాడు. అదీ ఊహాలోకపు కథే. అప్పటికి అతను నాస్తికుడు. ఆ పుస్తకం తన ఊహకు బాప్తిస్మం ఇచ్చిందని తర్వాత రాసుకున్నాడు. మిగతా మనిషికి బాప్తిస్మం అందడానికి ఇంకా 15 ఏళ్ళు పట్టింది. 1931 సెప్టెంబరులో ఒక రాత్రి టోల్కీన్, హ్యూగో డైసన్ అనే ఇంకో స్నేహితుడు అతనితో పొద్దుపోయేదాకా నడుస్తూ మాట్లాడారు. నీకిష్టమైన కథల్లో చచ్చి లేచిన దేవుళ్ళ దగ్గర గుండె కదులుతుంది కదా, క్రీస్తులో ఆ కథ చరిత్రలో నిజంగా జరిగింది అన్నది వాళ్ళ వాదన సారం. కొద్ది రోజులకు అన్నగారి మోటార్‌సైకిల్ పక్కబండిలో జంతుప్రదర్శనశాలకు వెళ్తూ లూయిస్ దేవుని కుమారుణ్ణి నమ్మాడు. బయల్దేరినప్పుడు నమ్మకం లేదు, చేరేసరికి ఉంది. చిన్నప్పుడు వాగ్నర్ విన్నందుకు, కథలు చదివినందుకు పశ్చాత్తాపపడాలని అతనికి అనిపించలేదు. నార్నియా పుస్తకాలు ఆ తర్వాత రాసినవే.

మాటలు లేని సంగీతం గురించి. 1 సమూయేలు 16 చివర చదువు. దావీదు సితారా పట్టుకుని చేతితో వాయించాడని ఉంది, పాడాడని లేదు. సౌలు సేదదీరాడు. అయినా మీ అన్నయ్య భయాన్ని ఎగతాళి చెయ్యకు, దానికి గొప్ప వంశం ఉంది. అగస్టీన్ మిలాన్‌లో 387లో బాప్తిస్మం పొందిన కొత్తలో సంఘం పాడుతుంటే వెక్కివెక్కి ఏడ్చాడు. తర్వాత తన 'ఒప్పుకోలు' పుస్తకంలో, పాటలోని మాటకన్నా రాగమే నన్ను కదిలిస్తే అది తప్పే కదా అని బాధపడ్డాడు. అలాగని సంఘంలో పాట వద్దనలేకపోయాడు. అటూ ఇటూ ఊగాడు, ఊగానని దాచకుండా రాశాడు. జ్యూరిక్‌లో సంఘ సంస్కర్త జ్వింగ్లీ సంగతి ఇంకా వింత. అనేక వాద్యాలు చక్కగా వాయించగల మనిషి, ఆరాధనలో నుంచి సంగీతాన్నే తీసేశాడు. 1527లో అక్కడి పెద్ద దేవాలయంలోని ఆర్గన్‌ను విరగ్గొట్టారు. సంగీతం అంటే ఇష్టం లేనివాడికి అంత భయం ఉండదు. దాని బలం ఎరిగినవాడే భయపడ్డాడు. జ్వింగ్లీ తప్పు చేశాడనే నా అభిప్రాయం. కానీ అది ప్రేమ ఎరిగిన మనిషి చేసిన తప్పు.

బాఖ్ దగ్గర గుడి సంగీతానికీ బయటి సంగీతానికీ మధ్య గోడ కనపడదు. లైప్‌జిగ్‌లో ఆదివారాలు గుడిలో పాట నడిపించాడు, వారం మధ్యలో జిమర్‌మన్ అనే ఆయన కాఫీహౌస్‌లో కుర్రాళ్ళతో కచేరీలు చేశాడు. 1733లో రాణిగారి పుట్టినరోజుకు డప్పులూ బాకాలూ మోగే ఒక పాట కట్టాడు. మరుసటేడు అదే స్వరాన్ని తీసుకుని మాటలు మార్చి 'క్రిస్మస్ ఒరటోరియో' మొదలుపెట్టాడు. ఈరోజు లోకమంతా క్రిస్మస్‌కు వినే ఆ డప్పుల మోత పుట్టింది రాణి కోసం. రాతప్రతుల చివర, దేవునికే మహిమ అనే అర్థం వచ్చే మూడు లాటిన్ అక్షరాలు వేసే అలవాటు ఆయనకుంది. ఆయన బైబిలు వ్యాఖ్యానపు ప్రతి ఇప్పటికీ అమెరికాలో భద్రంగా ఉంది. 2 దినవృత్తాంతములు 5లో, బూరలు ఊదేవాళ్ళూ పాడేవాళ్ళూ ఏకస్వరంగా స్తుతిస్తే మందిరం మేఘంతో నిండిన చోట, భక్తితో చేసే సంగీతంలో దేవుడు తన కృపతో ఎప్పుడూ ఉంటాడన్న భావంతో అంచున తన చేత్తో రాసుకున్నాడు.

నీ కన్నీళ్ళ ప్రశ్న నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది. ఆరాధనలో ఏడుపు రాకపోవడానికి కారణం విశ్వాసలోపం అయివుండాల్సిన పని లేదు. నువ్వు పాస్టరు గారబ్బాయివి. ముందు వరుసలో కూర్చుంటావు. చేతులెత్తావా లేదా, కళ్ళు మూసుకున్నావా లేదా అని సంఘమంతా చూస్తుంది. చిన్నప్పట్నుంచి ఆ చూపుల కింద పాడావు. అలాంటి చోట గుండె విప్పుకోవడం ఎవరికైనా కష్టం. హాస్టల్ గదిలో దీపం ఆర్పి, చెవుల్లో ఆ వాద్యాలు పెట్టుకుంటే నిన్ను చూసేవాళ్ళు లేరు. లోపల పేరుకున్నదంతా అక్కడ కరిగింది. దానికి సిగ్గుపడకు. ఆ గదిలో కూడా దేవుడున్నాడు. ఈసారి కన్నీళ్ళొచ్చినప్పుడు ఇయర్‌ఫోన్స్ తీసి, ఎందుకొచ్చాయో ఆయనతో రెండు మాటలు చెప్పు. చక్కని మాటలు అక్కర్లేదు.

ఇప్పుడు నేను చివరికి అట్టేపెట్టిన సంగతి. నేను చదువుకునే రోజుల్లో ఒక ఉజ్జీవ కూడిక నుంచి వచ్చి నా దగ్గరున్న క్యాసెట్లన్నీ రాయితో పగలగొట్టాను. ఘంటసాల పాటలు, ఒక స్నేహితుడు విదేశం నుంచి తెచ్చిన బీతోవెన్. టేపు లాగి వేపచెట్టుకు చుట్టాను. ఒక వారం చాలా పవిత్రంగా అనిపించింది. రెండో వారంలో నా గదిలో ఉండే అబ్బాయి రేడియో పెడితే వాణ్ణి చిన్నచూపు చూడడం మొదలుపెట్టాను. క్యాసెట్లు ఉన్నన్నాళ్ళూ నాలో లేని గర్వం ఆ ఖాళీలో వచ్చి కూర్చుంది. అది వదిలించుకోవడానికి ఏళ్ళు పట్టింది. అందుకే చెబుతున్నాను, నాలుగోసారి తీసెయ్యకు.

దాచడం మాత్రం మానుకో. దాచిపెట్టినది ఏదైనా దాని అసలు బరువుకన్నా బరువెక్కుతుంది. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు నాన్నగారితో చెప్పు. 'అనుమతి ఇవ్వండి' అని మొదలుపెట్టకు, 'నాన్నా, నాకు చాలా ఇష్టమైనది ఒకటుంది, మీకు వినిపించాలనుంది' అను. హాండెల్ 'మెస్సయ్య'తో మొదలుపెట్టు. అందులో పాడే ప్రతి మాటా లేఖనమే. యెషయా 40, యెషయా 53 ఆయనకు కంఠతా వచ్చి ఉంటాయి. ఇంగ్లీషు అందకపోయినా ఏ వచనమో నువ్వు పక్కన చెబుతుంటే గుర్తుపడతారు. తర్వాత ఒక రాత్రి ఆ మొదటి సినిమా ఇద్దరూ కలిసి చూడండి. మూడు గంటలు పడుతుంది, ముందే చెప్పు.

ఆయన వద్దంటే? ఆయన ఇంట్లో ఆయన మాట గౌరవించు, వాదించకు. రోమా 14వ అధ్యాయం ఇద్దరూ కలిసి చదవండి. తినేవాడు తిననివాణ్ణి తృణీకరించకూడదు, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చకూడదు అన్నది అక్కడి సంగతి. ఆ అన్నయ్య విషయంలోనూ అంతే. అతను ఎలాంటి చీకట్లోంచి బయటపడి వచ్చాడో నీకు తెలియదు. తాయెత్తులూ సోదెలూ నడిచే ఇంట్లోంచి వచ్చినవాడికి తెర మీద మాంత్రికుడు నీకు కనిపించినట్టు కనిపించడు. అతని ముందు ఈ సినిమాల ప్రస్తావన తేకుండా ఉండడం పిరికితనం కాదు.

మా బాబుకు తొమ్మిదేళ్ళు. స్కూల్లో అందరూ హ్యారీ పోటర్ గురించి మాట్లాడుకుంటున్నారట, చూస్తానని గొడవ. మంత్రదండం పట్టుకుని తిరుగుతాడేమోనని భయం. — ఒక తల్లి, రాజమహేంద్రవరం

అమ్మా, పుల్ల పట్టుకుని నాలుగు రోజులు తిరుగుతాడు. మన చిన్నప్పుడు కొబ్బరి మట్టతో గద చేసుకుని తిరగలేదా? ఆ పుల్లతో ఏమీ జరగదని తొమ్మిదేళ్ళవాడికి మీకన్నా బాగా తెలుసు.

వయసు మాత్రం చూసుకోండి. ఆ ఎనిమిది సినిమాల్లో మొదటి రెండూ పిల్లలకు నప్పుతాయి, పోనుపోను చీకటి ఎక్కువవుతుంది, మరణాలు ఉంటాయి. ఏడాదికొకటి చొప్పున, మీరు పక్కన కూర్చుని చూపించండి. తల్లి తన ప్రాణం అడ్డుపెట్టి బిడ్డను కాపాడిందన్నది ఆ కథంతటికీ పునాది. చివరి పుస్తకంలో ఆ తల్లిదండ్రుల సమాధి రాతి మీద 1 కొరింథీ 15లోని ఒక వచనం చెక్కి ఉంటుంది. బాబుకు చదవడం బాగా వచ్చాక దాన్ని బైబిల్లో వెతికించండి.

మీ భయాన్ని ఇంకో చోటికి మళ్ళించమని అడుగుతాను. మన పల్లెల్లో చేతబడి చేసిందన్న అనుమానంతో ఒంటరి ముసలమ్మలను కొట్టారు, చంపారు. బాణామతి అని తెలంగాణ ఊళ్ళలో మనుషుల ప్రాణాలు తీశారు. జ్వరం వస్తే ఆసుపత్రికి బదులు మంత్రం వేయించే ఇళ్ళు, మెడలో సిలువ ఉండి కూడా మొలకు తాయెత్తు కట్టే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. లేఖనం హెచ్చరించిన మంత్రవిద్య మన వీధిలో ఉన్నది అదే. బాబుకు దాని గురించి చెప్పండి. పక్కింటి అవ్వను 'మంత్రగత్తె' అని ఎవరైనా అంటే నవ్వవద్దని, నమ్మవద్దని నేర్పండి.

నేను కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నాను, వర్ణాలు పూర్తయి కృతులు మొదలయ్యాయి. త్యాగరాజ కృతులంటే ప్రాణం. కానీ అవి రాముడి మీద పాటలు. మా సంఘంలో కొందరు మానెయ్యమంటున్నారు. ఇంకొందరు రాముడి పేరు ఉన్నచోట యేసు పేరు పెట్టి పాడుకో అంటున్నారు. — ఒక విద్యార్థిని, విజయవాడ

రెండో సలహా ఇచ్చినవాళ్ళ మాట వినకమ్మా. త్యాగరాజు తన దేవుడితో ఏకాంతంగా చెప్పుకున్న మాటలవి. పేరు కొట్టేసి మన పేరు రాసుకోవడం ఇంకొకరి ప్రార్థనను దొంగిలించడమే. మన కీర్తనలో యేసు పేరు తీసి ఎవరైనా ఇంకో పేరు పెడితే మన గుండె ఎలా ఉంటుందో, వాళ్ళ గుండె కూడా అలాగే ఉంటుంది.

మానెయ్యాలా అంటే, అక్కర్లేదు. రాగానికి మతం లేదు. నువ్వు పాడుతుంటే పక్కన మోగే వయొలిన్ మనదేశానిది కాదు. ఐరోపావాళ్ళ వాద్యాన్ని బాలుస్వామి దీక్షితులు నేర్చుకుని కర్ణాటక కచేరీలోకి తెచ్చాడు. ఆయన అన్న ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లీషు బ్యాండు వరసలు విని వాటికి సంస్కృతంలో సాహిత్యం కట్టాడు. నొట్టుస్వరాలంటే అవే. వాటిలో ఒకటి ఇంగ్లండు రాజుకు జయం పలికే పాట వరస. వాళ్ళు వరస తీసుకున్నారు, మాటలు తమవి రాసుకున్నారు. మన వైపు నుంచి పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) చేసిందీ అదే. ఈ నేల రాగాలు, తాళాలు తీసుకుని తన సొంత మాటల్లో క్రీస్తును పాడారు. మీ ఇంట్లో పాత ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఉంటే తీసి చూడు, పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. ఇప్పుడు ఎక్కువ సంఘాల్లో ఆ గీతను ఎవరూ చూడరు. కీబోర్డు మీద వచ్చిన వరసలో లాగించేస్తారు. ఆనందభైరవి అని రాసి ఉన్నచోట ఆనందభైరవి వినపడదు. ఇది నన్ను ఎన్నాళ్ళుగానో బాధపెడుతున్న విషయం.

తమిళదేశంలో మాయవరం మున్సిఫుగా పనిచేసిన వేదనాయకం పిళ్ళై (1826–1889) కథోలికుడు. ఆయన కీర్తనలు ఈనాటికీ కచేరీల్లో పాడుతున్నారు. తంజావూరు అబ్రహాం పండితర్ 1917లో 'కరుణామృత సాగరం' అనే పెద్ద సంగీతశాస్త్ర గ్రంథం ప్రచురించాడు. ఆయనా క్రైస్తవుడే. ఈ ఇంటికి నువ్వు కొత్తగా వచ్చిన చుట్టానివి కావు.

తరగతిలో కృతిని పాఠంగా నేర్చుకో, అర్థం తెలుసుకుని నేర్చుకో. త్యాగరాజు తెలుగు ఎంత సాదాగా, ఇంట్లో మాట్లాడుకున్నట్టుగా ఉంటుందో తెలుగువాళ్ళమై ఉండి మనం గమనించకపోతే నష్టం. ఉత్సవాల్లో పూజలో భాగంగా పాడమంటే మాత్రం నీ మనస్సాక్షిని అడుగు. మనస్సు ఒప్పకపోతే మీ టీచరమ్మతో నెమ్మదిగా, ముందే చెప్పు. 'అమ్మా, నేర్చుకోవడం నాకిష్టం, పూజలో పాడడం నా విశ్వాసానికి కుదరదు' అంటే అర్థం చేసుకుంటారు. ఆఖరి నిమిషంలో జ్వరమని అబద్ధం చెప్పి తప్పించుకోకు. ఇంకో పని చెయ్యి. చౌదరి గారి కీర్తన ఒకటి తీసుకుని, పైన రాసిన రాగంలో శుద్ధంగా ఎలా పాడాలో ఆమెనే అడిగి నేర్చుకుని, మీ సంఘంలో పాడు.

ఈస్టరుకు మా క్వయర్ హాండెల్ 'హల్లెలూయ' పాడాలనుకుంటోంది. అది క్రిస్మస్ పాట అని ఒకరు, థియేటర్ పాట అని ఒకరు అడ్డుపడుతున్నారు. — క్వయర్ మాస్టరు, విశాఖపట్నం

పాడండి మాస్టారూ. 'మెస్సయ్య' మూడు భాగాల్లో ఇది రెండో భాగం చివర వస్తుంది. శ్రమలు, పునరుత్థానం, ఆరోహణం, సువార్త ప్రకటన అన్నీ అయ్యాక. కాబట్టి ఈస్టరుకే ఎక్కువ నప్పుతుంది. మాటలు ప్రకటన 11, 19 అధ్యాయాలవి.

థియేటర్ అన్న అభ్యంతరం హాండెల్ బతికుండగానే వచ్చింది. 1741లో 24 రోజుల్లో రాసిన కృతిని 1742 ఏప్రిల్ 13న డబ్లిన్‌లో మొదట పాడించాడు. ఆ రాబడితో అప్పులు తీర్చలేక జైల్లో ఉన్న 142 మందిని విడిపించారు, ఆసుపత్రులకు ఇచ్చారు. మరుసటేడు లండన్ నాటకశాలలో పెట్టబోతే, పరిశుద్ధ మాటలను నాటకాలాడే చోట పాడతారా అని పత్రికలో దుమారం లేచింది. ప్రకటనల్లో 'మెస్సయ్య' అన్న పేరు కూడా వెయ్యకుండా నడిపించాడు. తర్వాత ఏటేటా అదే కృతిని లండన్ అనాథశిశువుల ఆశ్రమం కోసం పాడించి డబ్బు పోగుచేశాడు. అడ్డుపడే పెద్దలకు ఆ 142 మంది సంగతి చెప్పండి.

సంఘం లేచి నిలబడాలా అని కూడా కొందరు అడుగుతారు. లండన్‌లో ఈ పాట విని రాజు లేచి నిలబడ్డాడన్న కథకు గట్టి ఆధారం లేదు. నిలబడాలనిపిస్తే నిలబడండి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను కూర్చోనివ్వండి.

హైదరాబాద్‌లో ఉద్యోగం. ఫాంటసీ సిరీస్‌లు రాత్రి రెండు, మూడింటి దాకా చూస్తాను. ఇది విశ్వాసికి తగునా? — పేరు రాయలేదు

తమ్ముడూ, ఇందులో ఫాంటసీ పాపం ఏమీ లేదు. క్రికెట్ అయినా, కీర్తనలైనా రోజూ మూడింటి దాకా మేలుకుంటే ఉద్యోగం పోతుంది, ఒళ్ళు పాడవుతుంది. సిరీస్‌ను ఎపిసోడ్ మధ్యలో ఆపడం అలవాటు చేసుకో. చివర్లో ఆపుదామనుకుంటే తర్వాతిది చూడాలనిపించేలాగే తీస్తారు. మధ్యలో ఆపితే లేవగలుగుతావు. పగలు నీకు దేన్నుంచి పారిపోవాలనిపిస్తోందో అది కూడా ఈసారి ఉత్తరంలో రాయి. అసలు సంగతి అక్కడుందని అనుకుంటున్నాను.

పాశ్చాత్య సంగీతం ఎప్పుడూ వినలేదు. ఒక్కటి వినాలంటే ఏది వినను? — ఒక రిటైర్డ్ టీచరు, ఏలూరు

బాఖ్ 'మత్తయి సువార్త శ్రమల గాథ' నుంచి ఒక్క పాట వినండి. లైప్‌జిగ్ సెయింట్ థామస్ దేవాలయంలో 1727 శుభశుక్రవారం నాడు మొదటిసారి పాడిన కృతి ఇది. తర్వాత మరుగున పడిపోతే 1829లో, 20 ఏళ్ళ కుర్రాడు మెండెల్‌సన్ బెర్లిన్‌లో మళ్ళీ లేపాడు. మొత్తం వినాలంటే దాదాపు మూడు గంటలు. మీరు అన్నీ వినక్కర్లేదు. 'ఎర్‌బార్మే డిక్' అనే పాట వెతికించుకోండి, 'కరుణించు' అని దాని అర్థం. ఏడు నిమిషాలుంటుంది.

ముందు తెలుగు బైబిల్లో మత్తయి 26వ అధ్యాయం చివరి ఏడు వచనాలు చదవండి. పేతురు మూడోసారి ఎరగనన్నాడు, కోడి కూసింది, బయటికి వెళ్ళి ఏడ్చాడు. అక్కడ పుస్తకం మూసి పాట పెట్టండి. గొంతు వెంటనే రాదు. ముందు ఒంటరి వయొలిన్ ఒకటి మొదలవుతుంది, అది వినండి.